మైనస్ పదకొండు శాతం

మా ఆయన పెళ్ళికొడుకుని మురిక్కాలవలో పడేసిన రోజున మాకు ఈ తూకం గొడవ మొదలైంది.

పెళ్ళికొడుకు పరాయివాడేం కాదు, మా పెద్దాడపడుచుకి కాబోయే అల్లుడు. ఊరేగింపు కారు మీద దర్జాగా కూర్చుని వస్తున్నాడు. ఎవరో ఉత్సాహవంతులు సరిగ్గా కారు పక్కనే వెయ్యి వాలా అంటించారు. మొదటి టపాకాయ పేలేసరికి నా పక్కన నిలబడ్డ మనిషి నా పక్కన లేరు. చూస్తే పెళ్ళికొడుకు కాలవలో ఉన్నాడు, అతని మీద బోర్లా మా ఆయన ఉన్నారు. తల ఎత్తొద్దని హిందీలో ఆజ్ఞ కూడా వేస్తున్నారు. తలపాగా నీళ్ళలో కొంతదూరం ప్రయాణం చేసింది. వాలా మొత్తం పేలిపోయేదాకా ఆ అబ్బాయిని లేవనివ్వలేదు. అతని ఒంటిమీద ఒక్క నిప్పురవ్వ కూడా పడలేదన్న మాట నిజం. ఆ నిజాన్ని మా ఆడపడుచుకి చెబుదామని నోటిదాకా తెచ్చుకుని, ఆవిడ మొహం చూసి మింగేశాను.

అప్పట్నించి మా బంధువులు శుభలేఖ చేతిలో పెడుతూ, ఎండలు మండిపోతున్నాయి, మీరు శ్రమపడి రాకపోయినా ఏమీ అనుకోం అని చెప్పడం మొదలుపెట్టారు. మార్గశిర మాసపు పెళ్ళిళ్ళకి కూడా ఎండలే మండిపోయాయి.

మా ఆయన పేరు తాతారావు, సైన్యంలో నాయబ్ సుబేదారుగా చేసి రిటైరయ్యారు. నన్ను మంగతాయారు అంటారు. తాడేపల్లిగూడెంలో హైస్కూలు పిల్లలకి జీవశాస్త్రం చెబుతాను. ఆయన ఉద్యోగంలో ఆఖరి రెండు చలికాలాలూ మంచుకొండ మీద ఒక చిన్న పోస్టులో గడిచాయి. ఒక రాత్రి తన కాపలా ముగించి, తోటివాడికి అప్పగించి పడుకున్నారు. ఆ తోటివాడు అలసిపోయి కునుకు తీశాడు. ఆ కాసేపట్లోనే అవతలివాళ్ళు వచ్చారు. పొద్దున్న ఆ పోస్టులో ప్రాణంతో ఉన్నది మా ఆయన ఒక్కరే. ఈ సంగతి ఆయన నాకు ఒక్కసారే చెప్పారు. నేను మళ్ళీ అడగలేదు.

అసలు ఆయనకి తగిలిన దెబ్బ చూపించడానికి ఒంటిమీద మచ్చ లేదు. అలాంటి దెబ్బల్ని తూచడానికే మనోభారమాపకం వచ్చింది. జనం దాన్ని తూకం అంటారు. విశాఖ సముద్రపొడ్డున మాజీ సైనికులకి నిద్రాలయం అని ఒక ఆసుపత్రి పెట్టారు. నిద్ర మరిచిపోయినవాళ్ళకి మళ్ళీ నేర్పుతారు. తూకంలో ఇరవై శాతం దాటితే అక్కడ మంచం ఇస్తారు. దాటకపోతే ఇంటికి పంపించేస్తారు. పెళ్ళికొడుకు సంఘటన తర్వాత నేను ఆ మంచం కోసం పట్టుబట్టాను. మా ఆయన మనసారా ఒప్పుకున్నారని చెప్పలేను గానీ, ఆజ్ఞ అనుకుని బయల్దేరారు.

రాజమండ్రిలో మనోభార నిర్ణయ కేంద్రం గేటు దాటగానే నాకు అపశకునం తోచింది. అక్కడ అంతా క్రమశిక్షణ. ఈల వేస్తే వరస కదులుతుంది, గంట కొడితే ఆగుతుంది. గోడలకి సున్నం కొత్తగా ఉంది, పూలకుండీలు ఎత్తు ప్రకారం నిలబడి ఉన్నాయి. రిటైరైన తర్వాత మా ఆయన మొహంలో అంత ప్రశాంతత నేను ఎక్కడా చూడలేదు, తిరుపతిలో కూడా చూడలేదు. చొక్కా సర్దుకుని, ఛాతీ విరుచుకుని, ముందువాడి మెడ వెనక చూపు నిలిపి, స్వర్గంలో ఉన్నట్టు నిలబడ్డారు.

యంత్రం చూడ్డానికి బ్యూటీ పార్లర్లో జుట్టు ఆరబెట్టే టోపీలా ఉంది. దాన్ని నడిపే ఇంజనీరు ఫణీంద్ర సన్నగా, మర్యాదగా ఉన్నాడు. ముందు సున్నా కట్టాలండీ అంటూ టోపీ తెచ్చి నా తలమీద పెట్టాడు. పక్కనే తెరమీద ఒక గీత వణుకుతూ వచ్చింది. ఈ గదిలో భయపడాల్సింది ఏమీ లేదు కదండీ, ఏమీ లేనప్పుడు కూడా మెదడు ఎంత కాపలా కాస్తుందో అదే ఈ గీత అని చెప్పాడు. మామూలు మనిషి కాపలాని సున్నాగా పెట్టుకుని, దాని మీద రోగిది ఎంత ఎక్కువుంటే అంత శాతం. మామూలు మనిషిని ఎక్కణ్ణించి తెస్తారని అడిగాను. ఇంట్లో మనిషే నయమండీ, ఒకే తిండి, ఒకే నీళ్ళు, ఒకే గాలి కాబట్టి మిగిలిన తేడా అంతా జబ్బుదే అవుతుంది అన్నాడు. నా పాఠాల్లో నేను చెప్పేదీ ఇదే, ప్రయోగానికి ఒకే రకం కుండీలు రెండు తీసుకోమనే. కుర్రాడు తెలివైనవాడే అనుకుని ముచ్చటపడ్డాను.

తర్వాత మా ఆయన కూర్చున్నారు. యూనిఫారంలో ఒక డాక్టరు వచ్చి ఎలా ఉన్నారని అడిగాడు. అంతా బాగుంది సార్ అన్నారు. నిద్ర పడుతోందా అన్నాడు. ఫస్టుక్లాసుగా సార్ అన్నారు. పీడకలలు వస్తాయా అంటే, ఆజ్ఞ లేకుండా ఏమీ రావన్నట్టుగా తల అడ్డంగా ఊపారు.

తూకం తొమ్మిది శాతం తేలింది. సమస్య స్వల్పం, వ్యాయామం చేయవలెను అని రాసి ఇచ్చారు.

ఇంటికొచ్చాక మా ఆయన చాలా సంతోషించారు, పరీక్ష తప్పాల్సినవాడు పాసైనట్టు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ సాయంత్రమే సింహాద్రి వచ్చాడు. అతను మా ఆయన రెజిమెంటు మనిషి. సొంతూరు శ్రీకాకుళం అవతల. మా ఊళ్ళో లారీ ఆఫీసు పెట్టుకుని స్థిరపడ్డాడు. తనకి తూకంలో నలభై శాతం వచ్చింది. రాత్రి అతను పెట్టే గురకకి లారీలు కూడా సిగ్గుపడతాయని వాళ్ళ వీధిలో చెప్పుకుంటారు. ఆ నలభై ఎలా సాధించావయ్యా అని నిలదీశాను.

"నానేటీ సెయ్యలేదక్కా. మా బావమరిది అప్పలకొండని ఎంటబెట్టుకుని ఎళ్ళినాను, అంతే. ఆడి నెత్తిన టోపీ ఎట్టీసరికే నిద్దరోయినాడు."

నాకు అందులో విశేషమేమీ కనపడలేదు. అప్పలకొండ నిద్రపోవడం మా ఊళ్ళో వార్త కాదు.

నేను అప్పీలు రాశాను. చాలా ఘాటుగా, మధ్యమధ్య జీవశాస్త్రం కలిపి రాశాను. నియమం ప్రకారం అప్పీలు చేసినవాళ్ళని వాళ్ళ ఇంట్లోనే, ఒక పగలూ రాత్రీ తూస్తారు. దానిమీద కేంద్రంలో పెద్ద అధికారి తీర్పు చెబుతారు. అందులో ఓడిపోతే ఆ తొమ్మిది కూడా పోతుంది, ఇక జన్మలో అడగడానికి లేదు. అది చదివి వెనక్కి తీసుకుందామనుకున్నాను గానీ, అప్పటికే పోస్టులో వేసేశాను.

తూకం రోజు దగ్గరపడుతుంటే సింహాద్రి మా ఆయనకి నటన నేర్పడానికి పూనుకున్నాడు. కళ్ళు తిప్పమన్నాడు, పళ్ళు కొరకమన్నాడు, ఇంజనీరుని చూసి మంచం కిందికి దూరమన్నాడు. యంత్రం ప్రభుత్వానిది, ప్రభుత్వాన్ని మోసం చేయలేనని మా ఆయన ఖచ్చితంగా చెప్పేశారు. పోనీ అంతా బాగుందని అనకుండానైనా ఉండమని నేను బతిమాలాను. దానికి ఒప్పుకుని సాధన చేశారు. నేను ఎలా ఉన్నారని అడుగుతాను, ఆయన నుదుటిమీద చెమటలు పోస్తాయి, చివరికి అతి కష్టమ్మీద, పరవాలేదు అంటారు. అంతకన్నా కిందికి దిగడం ఆయన వల్ల కాలేదు.

ఫణీంద్ర టోపీని పెట్టెలో పెట్టుకుని మా ఇంటికొచ్చాడు. గుమ్మం దగ్గర కాలింగ్ బెల్ కోసం వెతుకుతుంటే, అది తీసేశామని, వచ్చేవాళ్ళు గేటు దగ్గరే ఆగి పేరు చెప్పాలని కిటికీలోంచి చెప్పాను. అతను బుద్ధిగా పేరు చెప్పి లోపలికొచ్చాడు. ఈసారి కూడా నా తలమీదే సున్నా కట్టాడు. ఇంట్లో మనిషిని నేనే కదా. యంత్రం రోజంతా దానంతటదే సున్నా చూసుకుంటుందంటూ నా జడలో కూడా ఒక చిన్న బిళ్ళ గుచ్చి ఉంచాడు.

ఆ కుర్రాడికి మా ఇంటి పద్ధతులు కొత్తగా ఉన్నాయి. మా ఇంట్లో కుక్కరు లేదు, దాని కూత ఆయనకి పడదు, అన్నం వారుస్తాను. గిన్నెల కింద గుడ్డ పరుస్తాను. ఆయన కుర్చీ గోడకి ఆనించి గేటు కనపడేలా ఉంటుంది, దాన్ని ఎవరూ జరపకూడదు. ఆయన వెనకనించి నేను ఎప్పుడూ రాను, ఎదురుగా వస్తూ మాట్లాడుతూ వస్తాను. ఆవాలు చిటపటలాడతాయి కాబట్టి నూనెలో వేసే ముందు గట్టిగా "పోపు" అని ప్రకటిస్తాను. ఆయన పెరట్లోంచి "సరే" అంటారు. అప్పుడు వేస్తాను. ఫణీంద్ర కాఫీ తాగుతూ గ్లాసు జారవిడిస్తే అది నేలకి తగిలేలోపల పట్టేసుకున్నాను. మీరు క్రికెట్ ఆడేవారా మేడమ్ అని అడిగాడు. నాకు నవ్వొచ్చింది. కాపురం చేసే ఆడవాళ్ళెవరైనా ఆ మాత్రం పట్టుకోలేరా అన్నాను.

మర్నాడు పొద్దున్న ఫణీంద్ర తెర చూసి, టోపీ చూసి, తీగలన్నీ ఊడదీసి మళ్ళీ పెట్టి, మళ్ళీ తెర చూశాడు. తర్వాత కాస్త మంచినీళ్ళు ఇప్పించమన్నాడు. మా ఆయనకి వచ్చింది మైనస్ పదకొండు.

మైనస్ అంటే ఏమిటని అడిగితే, ఆ మాట రాయడానికి తమ ఫారంలో గడి కూడా లేదని చెప్పాడు. కేంద్రం వాళ్ళు మటుకు దానికి అర్థం కనిపెట్టారు. వారం తిరక్కుండా నోటీసు వచ్చింది. అర్జీదారుడు ప్రమాణ మానవుని కన్నా పదకొండు పాళ్ళు అధిక ఆరోగ్యవంతుడిగా ఉన్నందున, ఇదివరకు ఇచ్చిన తొమ్మిది శాతం ఎందుకు రద్దు చేయరాదో విచారణకి హాజరై చెప్పుకోవలెను. సింహాద్రి అది చదివి, ఇంకాస్త ఊరుకుంటే సాబుని మళ్ళీ పటాలంలోకి పిలిచేలా ఉన్నారని దిగులుపడ్డాడు. మా ఆయన ఆ కాగితాన్ని మడిచి, నాకు కనపడకుండా తిరిగి తిరిగి చదువుకున్నారు. అధిక ఆరోగ్యవంతుడన్న మాట ఆయనకి పతకంలా ఉంది. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. ఆ మంచం దొరక్కపోతే ఈ మనిషి నిద్ర ఇక ఇంతే కదా అనిపించింది.

విచారణకి మేం నలుగురం వెళ్ళాం. ధైర్యం చెప్పడానికని సింహాద్రి వచ్చాడు, సింహాద్రికి తోడని అప్పలకొండ వచ్చాడు. వచ్చి, వరండాలో బెంచీ మీద కూర్చుని, తక్షణం నిద్రపోయాడు.

లోపల విచారించేది కల్నల్ డాక్టర్ నిషాత్ పర్వీన్. కర్నూలు మనిషి, జుట్టు నెరిసింది, మాట మెత్తన, చూపు మటుకు మెత్తన కాదు. మా ఆయన ఆవిడ ముందు నిటారుగా నిలబడ్డారు. ఎలా ఉన్నారు సుబేదార్ గారూ అని ఆవిడ అడిగారు. నేను చేతులు జోడించి ఆయనవైపు చూశాను. సాధన అంతా కాలవ పాలైంది. అంతా బాగుంది మేడమ్ అన్నారు.

నాకు కోపం ఆగలేదు. ముందుకెళ్ళి, ఈ మనిషి మాట రాసుకోకండి మేడమ్, ఈయన నిప్పుల్లో నిలబడ్డా వెచ్చగా ఉందంటాడు అన్నాను. ఆవిడ నవ్వి, కూర్చోబెట్టి, ఆయన రాత్రిళ్ళు ఏం చేస్తారో చెప్పమన్నారు. ఏముంది, మొదటి సగం నేను మెలకువగా ఉంటాను, రెండో సగం ఆయన ఉంటారు అని చెప్పాను. ఎవరైనా కాపలా ఉన్నారని తెలిస్తే తప్ప ఆయన కన్ను మూతపడదు. నేను గేటు కనపడేలా కూర్చుని పిల్లల పేపర్లు దిద్దుకుంటాను. వేళ కాగానే గుమ్మం దగ్గర నిలబడి పేరూ హోదా చెప్పి పిలుస్తాను, ముట్టుకోను. లేచి వచ్చి ఏమైనా విశేషమా అంటారు. మున్సిపాలిటీ కుక్క వచ్చి వెళ్ళిందని చెబుతాను. అప్పుడు నేను పడుకుంటాను. కొంచెంసేపు నిద్ర పడుతుంది కూడా.

చెబుతుంటే నాకేమీ వింతగా లేదు. ఇలా ఎన్నాళ్ళుగా అని ఆవిడ అడిగారు. ఆయన రిటైరైన దగ్గర్నించీ అన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి, ఫణీంద్రవైపు తిరిగి, సున్నా ఎవరితో కట్టావని అడిగారు. ఈవిడతోనే మేడమ్, రెండుసార్లూనూ అన్నాడు అతను. ఎందుకు అడిగారో నాకు ఇంకా తట్టలేదు. ఏడాదికి నాలుగు సెక్షన్లకి కుండీల పాఠం చెప్పేదాన్ని, తట్టలేదు.

తట్టింది మా ఆయనకి.

సైన్యంలో ఒక రివాజు ఉంది, ఆయనే చెబుతుండేవారు. సుబేదారు తన కష్టం పై అధికారికి చెప్పుకోకూడదు. చెప్పుకుంటే తల కొట్టేసినట్టు. కానీ తన కింది జవాను కష్టం చెప్పకపోతే అంతకన్నా పెద్ద తప్పు. ఇన్నాళ్ళూ ఆయన మొదటి సగం రివాజు ప్రకారమే నోరు మూసుకుని ఉన్నారు. ఇప్పుడు ఆయన మెడ ఎర్రబడింది. చూపు గోడమీంచి దించి సరాసరి కల్నల్ గారి మొహంలోకి చూశారు. అధికారిని ఆయన అలా చూడగలరని నాకు తెలియదు.

"మేడమ్, మాట్లాడటానికి అనుమతి కావాలి. డ్యూటీలో ఉన్న సెంట్రీని పట్టుకుని మామూలు మనిషి అని రాశారు. అది తప్పు మేడమ్."

కల్నల్ గారు చెప్పమన్నట్టు తలూపారు.

"నా పోస్టులో ఉన్నది మా తాయారు ఒక్కర్తే. ఇన్నేళ్ళలో ఆమెకి ఒక్క రోజు సెలవివ్వలేదు నేను. డ్యూటీ మార్చుకున్నాం అనుకున్నాను గానీ, ఆమె అసలు దిగనే లేదు. నా శాతం సంగతి వదిలెయ్యండి. ముందు ఆమెకి రిలీఫ్ పంపించండి."

ఎందుకో నాకు విపరీతమైన సిగ్గేసింది, పదిమందిలో చీర చిరిగినట్టు.

అయితే కొత్త సున్నా కావాలన్నారు కల్నల్ గారు. ఫణీంద్ర టోపీ తన తలకే పెట్టుకుని చూసుకుంటే గీత ఎగిరెగిరి పడింది. పాపం అతని ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. జవాన్లిద్దరు కూర్చున్నారు, కల్నల్ గారు చూస్తుండటం వల్ల వాళ్ళ గీతలు అంతకన్నా ఎగిరాయి. అప్పుడు సింహాద్రి గుమ్మంలోంచి దగ్గి, మావోడున్నాడండి అన్నాడు. నలుగురూ కలిసి అప్పలకొండని బెంచీతో సహా లోపలికి మోసుకొచ్చి టోపీ పెట్టారు. తెరమీద గీత పంటకాలవ నీళ్ళలా నెమ్మదిగా, తిన్నగా పారింది. దేశంలో అంత శుద్ధమైన సున్నా తాను చూడలేదని ఫణీంద్ర భక్తితో అన్నాడు. ఇంత జరిగినా అప్పలకొండ లేవలేదు.

ఆ సున్నా మీద మా ఆయన్ని తూస్తే యాభై ఐదు వచ్చింది. తర్వాత నన్ను తూశారు. నలభై ఆరు.

ఇద్దరికీ తేడా సరిగ్గా మొదటిసారి వచ్చిన తొమ్మిదే. యంత్రం పాపం అబద్ధం చెప్పలేదు. ఇంట్లో అయితే ఆయన కాపలా కూడా మీరే ఎత్తుకుంటున్నారు మేడమ్, అందుకే ఆయన మీకన్నా కిందికి, మైనస్‌లోకి దిగారు అని ఫణీంద్ర నేల చూస్తూ చెప్పాడు. యుద్ధానికి వెళ్ళకుండానే మీరు యుద్ధంలో ఉన్నారన్నారు కల్నల్ గారు. నాకు ఆ మాటకి ఏడుపు రాలేదు. నలభై ఆరు అన్న అంకె చూసి వచ్చింది. నేను చాలా మామూలుగా ఉన్నాననుకుని, ఆ మామూలుతనం చూసుకుని గర్వపడుతూ బతికాను. పోపు అని అరిచి పోపు వేసే ఇల్లు ఊళ్ళో ఇంకోటి లేదన్న సంగతి నాకు ఆ కుర్చీలో కూర్చున్నాకే తెలిసింది. ఏడుస్తూనే ఆ పోపు గుర్తొచ్చి నవ్వాను, నవ్వుతూ ఇంకా ఏడ్చాను. మా ఆయన ఏం చేయాలో తోచక నాకు సెల్యూట్ చేశారు.

ఆయన యాభై ఐదు ఖాయమైంది. మంచం దొరికింది. కానీ ఆయన ఒంటరిగా వెళ్ళనన్నారు, నా మనిషిని పోస్టులో వదిలి నేను దిగను అన్నారు. భార్యకి మంచం ఇవ్వడానికి నియమం లేదని కల్నల్ గారి పక్కనున్న అధికారులు పుస్తకాలు తిరగేశారు. ఆవిడ ఆ పుస్తకాలు మూయించి, వాళ్ళందర్నీ వెంటబెట్టుకుని పైవాళ్ళతో ఫోనులో మాట్లాడటానికి పక్కగదిలోకి వెళ్ళారు. ఆవిడ గొంతు గోడ ఇవతలికి కూడా వినపడింది. అప్పలకొండని బెంచీతో సహా మళ్ళీ వరండాలో పెట్టారు.

నేను తూకం కుర్చీలోనే ఉన్నాను. మా ఆయన నా ఎదురుగా వచ్చి, నెమ్మదిగా టోపీ తీసి పక్కన పెట్టారు.

"తాయారూ, పడుకో. నేను చూసుకుంటాను."

పట్టపగలు ఆఫీసులో పడుకోవడమేమిటండీ అని అందామనుకున్నాను. అన్నానో లేదో గుర్తు లేదు.

మిగతాది సింహాద్రి తర్వాత చెప్పాడు. మా ఆయన గది బయట గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారట. ఈలలు వేయొద్దని వరండాలో జవాన్లకి సైగ చేశారట, గంట కొట్టేవాడి చేతిలోంచి కర్ర తీసేసుకున్నారట. కొంతసేపటికి కల్నల్ గారు రెండు మంచాలకీ ఉత్తర్వు సంపాదించుకుని, సంతోషంగా, గబగబా వచ్చారు. మా ఆయన చెయ్యి అడ్డం పెట్టారట.

"మా ఆవిడ నిద్రపోతోంది మేడమ్. లేచాక రండి."

పై అధికారికి ఎదురుచెప్పడం ఆయన జన్మలో అది రెండోసారి, రెండూ ఒక్కరోజునే. ఆవిడ ఒక్క నిమిషం ఆయన్ని ఎగాదిగా చూసి, సరే సుబేదార్ గారూ అని, వెళ్ళి అప్పలకొండ పక్కన బెంచీ మీద కూర్చున్నారట. వాచీ చూసుకున్నారట గానీ లోపలికి రాలేదు.

నేను కళ్ళు తెరిచేసరికి కిటికీలో ఎండ లేదు, ఆఫీసు మూసే వేళ ఎప్పుడో దాటిపోయింది. ఎవరూ నన్ను లేపలేదు.